అడవి పంది మాంసం: ఆరోగ్యం కోసం తిన్నా కేసు తప్పదా?

ప్రశ్న: మాది నాగర్‌కర్నూల్ జిల్లా. నాన్నకు పక్షవాతం వచ్చాక, మందులు, ఇంజెక్షన్లు ఎరగని మాంసమైతే బలం వస్తుందని మా బావమరిది అచ్చంపేట వైపు నుంచి అడవి పంది మాంసం తెచ్చాడు. 2023 సంక్రాంతి మర్నాడు అటవీ అధికారులు వచ్చి, ఫ్రిజ్‌లో రెండు స్టీలు డబ్బాల్లో ఉన్న మాంసాన్ని పట్టుకున్నారు. నాతో ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. మొన్న 2026 మార్చిలో కోర్టు సమన్లు వచ్చాయి. మేం వేటాడలేదు, అమ్మలేదు. సహజమైన ఆహారం తినడం నేరమా? మాంసం దుకాణం నుంచి పాత తేదీతో పంది మాంసం బిల్లు తెచ్చుకుంటే సరిపోతుందని ఒక మిత్రుడు అంటున్నాడు. తెచ్చుకోవచ్చా?

జవాబు: ఆ బిల్లు జోలికి పోకండి. మీ మీద ఇప్పుడున్న నేరానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు. కోర్టులో వాడటానికి దొంగ సాక్ష్యం పుట్టిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా పడుతుంది. బిల్లిచ్చిన దుకాణదారు బోనెక్కితే అర నిమిషంలో నిజం బయటపడుతుంది. మీ బావమరిదితో నడిచిన వాట్సాప్ మెసేజ్‌లను కూడా చెరిపేయకండి.

ఇక మీ నాన్నగారి ఆరోగ్యం. ఉత్తరంలో దాని గురించి రాశారు, కానీ కోర్టు దాన్ని అడగదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని సెక్షన్ 39 ప్రకారం చట్టవిరుద్ధంగా వేటాడిన జంతువు, దాని మాంసం ప్రభుత్వ ఆస్తి. అనుమతి లేకుండా దాన్ని దగ్గర పెట్టుకోవడమే నేరం. ఎవరి ద్వారా చేతికొచ్చినా 48 గంటల్లో పోలీస్ స్టేషన్‌కో అటవీ అధికారికో తెలపాలి. పంట పాడుచేస్తోందని అనుమతితో చంపిన పంది కూడా ప్రభుత్వానిదే, వండుకునే హక్కు రాదు. మీరు వేటాడలేదన్నది నిజమే కావచ్చు, కానీ డబ్బాలు దొరికింది మీ ఫ్రిజ్‌లో.

అడిగారు కాబట్టి ఒక్క మాట. ఆ మాంసాన్ని ఏ పశువైద్యుడూ చూడలేదు. అడవి పంది కండలో ట్రికినెల్లా లాంటి పురుగులు ఉండే ప్రమాదం ఉంది. పైగా పందుల కోసం కరెంటు తీగలు, నాటు బాంబులు పెడుతున్నారు. వాటికి రాత్రిపూట పొలానికి వెళ్లిన రైతులు, మేతకు వెళ్లిన పశువులు బలవుతున్నాయి. మంచంలో ఉన్న మనిషికి ఆ కూర పెట్టడం నాకు బాధగానే ఉంది.

మీ కేసును తేల్చేది తేదీ. వన్యప్రాణి చట్టానికి చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. మీ సంఘటన అంతకు ముందుది. అప్పుడు అడవి పంది షెడ్యూల్ 3లో, అంటే రక్షణ స్థాయిని బట్టి చట్టం చేసిన జంతువుల జాబితాల్లో మూడోదానిలో ఉండేది. శిక్ష మూడేళ్ల దాకా జైలు, లేదా 25 వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఇలాంటి నేరానికి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) సెక్షన్ 468లోనైనా, దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 514లోనైనా కేసు వేయడానికి కాలపరిమితి మూడేళ్లే. అంటే మీ విషయంలో అది 2026 జనవరి నడుమ ముగిసింది. అయితే సమన్లు మార్చిలో అందాయని సంబరపడకండి. లెక్కలోకి వచ్చేది ఫిర్యాదు కోర్టులో దాఖలైన తేదీ అని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లో తేల్చింది. ఆ తేదీ మీ ఉత్తరంలో లేదు! పంచనామా (మాంసం పట్టుకున్నప్పుడు రాసిన నివేదిక) నకలు లేదు, ల్యాబ్ రిపోర్టు లేదు, సంతకం పెట్టిన కాగితంలో ఏముందో మీకే తెలియదు. మూడేళ్లు ఏం చేశారండీ? అటవీ అధికారులు పోలీసులు కారు కాబట్టి, వారి ముందిచ్చిన వాంగ్మూలాన్ని పోలీసుల ముందిచ్చిన దానిలా తేలిగ్గా తీసిపారేయలేం.

ముందు కోర్టులో నకళ్లకు దరఖాస్తు చేయండి. ఫిర్యాదు గడువు దాటాక పడి ఉంటే, మీ వకీలు ఆ కారణంతో డిశ్చార్జి పిటిషన్ (విచారణకు ముందే కేసు నుంచి తప్పించమనే దరఖాస్తు) వేయాలి. ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకు ఉంది, కానీ ముందు మీ వాదన వినాలి. ఫిర్యాదులో అభయారణ్యంలో వేట అన్న ఆరోపణ మీ మీద కూడా మోపారేమో చూడండి. ఉంటే కనీస శిక్షే మూడేళ్లు, కాలపరిమితి వర్తించదు, రాజీ కుదరదు. అదే ఉడుమో నెమలో అయి ఉంటే, అవి అత్యధిక రక్షణ ఉన్న షెడ్యూల్ 1 ప్రాణులు కాబట్టి, ఇంత మాట్లాడుకునే వీలే ఉండేది కాదు.

ల్యాబ్ రిపోర్టును అక్షరం అక్షరం చదివించండి. సెక్షన్ 57 ప్రకారం మాంసం మీ దగ్గర దొరికితే అది అక్రమమేనని కోర్టు భావిస్తుంది, కాదని నిరూపించుకునే భారం మీదే. కానీ అది అడవి జంతువు మాంసమేనని ముందు వాళ్లు రుజువు చేయాలి. రిపోర్టులో ‘సస్ స్క్రోఫా’ అన్న జాతి పేరు ఒక్కటే ఉంటే, ఊరపందిదీ అదే జాతి. అప్పుడు అడవి పందే అని ఎలా తేల్చారని మీ వకీలు అడగొచ్చు. శాంపిల్‌కు సీలు ఎవరు వేశారు, ల్యాబ్‌కు చేరేదాకా ఎవరి దగ్గర ఉంది అన్నవీ చూడాలి. ఇది మీరు అబద్ధం చెప్పడం కాదు, వాళ్ల రుజువును పరీక్షించడం.

గడువులోపే ఫిర్యాదు పడి, రిపోర్టూ గట్టిగా ఉంటే, సెక్షన్ 54 కింద కాంపౌండింగ్‌కు, అంటే డబ్బు కట్టి కేసును రాజీతో ముగించడానికి వీలుందేమో అధికారమున్న అటవీ అధికారికి రాతపూర్వకంగా దరఖాస్తు చేయండి. డబ్బు కట్టాల్సి వస్తే రసీదు మీద మాత్రమే కట్టండి, మధ్యవర్తుల చేతికి ఇవ్వకండి. ఈలోగా వాయిదా తప్పకండి. గైర్హాజరైతే వారెంట్ వస్తుంది.