డ్రమ్ములోకి దిగే ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

మరమ్మతులకు ప్లాంటు ఆపే షట్‌డౌన్‌లో, తడి సరుకును వేడిగాలితో ఆరబెట్టే తిరిగే డ్రమ్ము అయిన రోటరీ డ్రయ్యరు లోపల, సరుకును ఎత్తి జల్లే పలకలైన ఫ్లైట్లు మార్పించే పని నీకు అప్పగించారని మీ నాన్న చెప్పిన దగ్గర నుంచి సంతోషమూ దిగులూ రెండూ నన్ను వదలడం లేదు. సీళ్లూ రోలర్లూ ఎలా చూసుకోవాలో నీకు చెప్పనక్కరలేదు. కొత్త ఫ్లైట్లను షెల్‌కు, అంటే డ్రమ్ము గోడకు, పొడుగునా వెల్డింగ్ చేయనివ్వకు. వేడికి రెండూ ఒకేలా సాగవు కనుక పగుళ్లు వస్తాయి.

ఫ్లైట్ల వరుసను మాత్రం తేలికగా తీసుకోకు. ఫీడు, అంటే తడి సరుకు, పడే చోట దాన్ని ముందుకు నెట్టే స్పైరల్ ఫ్లైట్లు, జిగట తగ్గని మేర అంచు వంపు లేని తిన్నని పలకలు, కాస్త ఆరాక 45 డిగ్రీల అంచు, పొడిగా జారే చోట 90 డిగ్రీల అంచు ఉండాలి. అంచు ఎంత వంగితే సరుకు అంత ఎక్కువగా పైకి లేచి వేడిగాలిలో జల్లులా రాలుతుందని లెక్కవేసి, నీ వయసులో నేను తడి సరుకు పడే వైపు కూడా 90 డిగ్రీలవే పెట్టించాను. బంకమట్టి లాంటి ఆ సరుకు మూలల్లో పట్టి, వేడికి రాయిలా గట్టిపడి, చివరకు ఫ్లైట్లే కనబడనంతగా పూడిపోయింది. జల్లు ఆగిపోయి సరుకంతా అడుగున జారుతుంటే గాలి పైనుంచి ఊరికే వెళ్లిపోయేది. బయటికి పోయే గాలి వేడి పెరుగుతున్నా సరుకు తడిగానే వచ్చేది. నేనేమో బర్నరు మంట పెంచమన్నాను! మోటారు కరెంటు రోజురోజుకూ ఎక్కుతున్నా నాకు అనుమానం రాలేదు.

చివరకు ఆపి, స్విచ్‌కి తాళం వేసి, పెచ్చులు కొట్టడానికి మనుషులను లోపలికి పంపాను. తాళం ఉంటే చాలనుకున్నాను. ఒక పక్క పెచ్చు ఊడగానే రెండో పక్క బరువుకు డ్రమ్ము తనంతట తానే వెనక్కి తిరిగింది, ఒక కుర్రవాడి మోచేయి విరిగింది. ఆ చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది.

కాబట్టి డ్రమ్ము తిరగకుండా బిగించి, ఆ బిగింపును నీ చేత్తో లాగి చూడందే ఎవరినీ లోపలికి పంపకు, నువ్వూ వెళ్లకు. తాళంచెవి నీ జేబులోనే ఉండాలి. పై అధికారి తొందరపెడితే, పెదనాన్న ఒప్పుకోడని చెప్పు. మోచేయి సంగతి మీ నాన్నకు నేనింతవరకూ చెప్పలేదు. నువ్వూ చెప్పకు.