బరోక్ ల్యూట్: స్కోర్లు దొరకడం సులువే, అసలు పని ఆ తర్వాత

మీ ప్రశ్న చూశాను. ఆరేళ్లుగా క్లాసికల్ గిటార్ వాయిస్తున్నారు, బరోక్ కాలపు (సుమారు 1600-1750) విద్వాంసుడు వైస్ రాసిన పాసకాల్యా (ఒకే బేస్ వరస మళ్లీ మళ్లీ వచ్చే రచన) విన్నప్పటి నుంచి ల్యూట్ అనే పాత యూరప్ తీగ వాద్యం మీదకు మనసు పోయింది, నొటేషన్ ఎక్కడ దొరుకుతుంది, గిటార్ వచ్చినవాళ్లకు ఇది ఎంత కష్టం అని అడిగారు. నేనూ గిటార్ దారినే వచ్చాను. అంతకుముందు చిన్నప్పుడు విజయనగరంలో మా అత్తయ్య దగ్గర మూడేళ్లు వీణ నేర్చుకున్నాను. ఇప్పుడు ఉద్యోగం జర్మనీలోని డ్రెస్డెన్‌లో. నాలుగేళ్లుగా ఒక ల్యూట్ అద్దెకు తెచ్చుకుని వాయిస్తున్నాను. కచేరీలు చేసే స్థాయి కాదు నాది. ఆ లెక్కలోనే చదవండి.

ముందు స్కోర్ల సంగతి. సిల్వియస్ లియోపోల్డ్ వైస్ 1718 నుంచి 1750లో చనిపోయేదాకా డ్రెస్డెన్ ఆస్థానంలోనే ఉన్నాడు. ఆయనవి ఆరు వందలకు పైగా రచనలు మిగిలాయి. పెద్ద రాతప్రతులు రెండు: ఒకటి లండన్ బ్రిటిష్ లైబ్రరీలో, రెండోది ఇక్కడ సాక్సనీ రాష్ట్ర గ్రంథాలయంలో. డ్రెస్డెన్ ప్రతిని స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు. ఆ లైబ్రరీ ఉన్న ఊళ్లోనే ఉంటున్నా, నేను చూసేది మాత్రం ఇంట్లో స్క్రీన్ మీదే. ఐఎమ్ఎస్ఎల్పీ అనే ఉచిత స్కోర్ల వెబ్‌సైట్‌లో చాలా ఉంది. డెనీ గోతియే లాంటి ఫ్రెంచివాళ్లవి కావాలంటే ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వాళ్ల గాలికా అనే వెబ్‌సైట్‌లో వెతకండి. కంప్యూటర్‌లో శుభ్రంగా టైపు చేసినవి కావాలంటే సార్జ్ గెర్బోడ్ ఆర్కైవ్ ఉంది, అందులో వేలకొద్దీ ల్యూట్ రచనలు పీడీఎఫ్‌లుగా దొరుకుతాయి.

వెతికేటప్పుడు రెండు జాగ్రత్తలు. వైస్ సొనాటాలకు రెండు రకాల నంబర్లు తిరుగుతుంటాయి. 'లాన్‌ఫిదెల్' అనే ఏ మైనర్ సొనాటా లండన్ ప్రతి వరసలో 23, స్మిత్ అనే పరిశోధకుడి పట్టికలో 29. రెండూ వేసి వెతకండి. రెండోది, ల్యూట్ అని ఉన్నదల్లా మీకు పనికిరాదు. డౌలాండ్ లాంటి రెనసాన్స్ (బరోక్‌కు ముందు కాలం) వాళ్లదీ అక్షరాల టాబే (ఏ తీగ మీద ఏ మెట్టు నొక్కాలో చూపే రాత), కానీ శ్రుతి వేరు. దాన్ని బరోక్ ల్యూట్ మీద పెడితే గందరగోళమే.

బరోక్ ల్యూట్‌కు పైనుంచి ఎఫ్, డి, ఏ, ఎఫ్, డి, ఏ. ఎడమచేయి పెట్టకుండా మీటినా డి మైనర్ కార్డు పలుకుతుంది. వీటి కింద మెట్ల జోలికి వెళ్లకుండా ఊరికే మీటే బేస్ తీగలు జి నుంచి ఒక్కో స్వరం దిగుతూ అడుగు ఏ దాకా వెళ్తాయి. ఒకటిగా మీటే తీగనో తీగల జతనో కోర్సు అంటారు. మొదటి రెండు కోర్సులూ ఒంటి తీగలు, మిగతావి జతలు. పదమూడు కోర్సులంటే 24 తీగలు, 24 బిరడలు. ఫ్రెంచివాళ్లది పదకొండు కోర్సుల వాద్యం. 12, 13 కోర్సులు చేరింది వైస్ కాలంలోనే.

ఇక టాబ్. గిటార్ టాబ్‌లో అంకెలుంటే ఇందులో అక్షరాలు: ఏ అంటే ఖాళీ తీగ, బీ అంటే మొదటి మెట్టు, అలా. రాతప్రతుల్లో సీ అక్షరం అచ్చు ఆర్‌లా ఉంటుంది. మొదటి వారం నేను ఈ ఆర్ ఏ మెట్టబ్బా అని లెక్కపెడుతూ కూర్చున్నాను. బేస్ కోర్సులకు గీత కింద ఏ, దాని ముందు ఒక అడ్డగీత, రెండు, మూడు, ఆ తర్వాత 4, 5, 6 అంకెలు. ఇక్కడే దెబ్బ తిన్నాను. ఎవరో నెట్‌లో పెట్టిన టైపు కాపీ ఒకటి పట్టుకుని ఒక అలమాండ్ (నాట్య లయలో ఉండే రచన) రెండు నెలలు సాధన చేశాను. ఒక చోట బేస్ భరించలేనంత అపస్వరం. బరోక్ వాళ్ల సాహసం అనుకుని సర్దిచెప్పుకున్నాను. తర్వాత అసలు రాతప్రతి తెరిచి చూస్తే అక్కడ రెండు అడ్డగీతలున్నాయి, టైపు చేసినాయన ఒకటే కొట్టాడు. అప్పటినుంచి టైపు కాపీతో మొదలుపెట్టినా స్కాన్ పక్కన ఉండాల్సిందే.

స్కాన్ చూడమనడానికి ఇంకా పెద్ద కారణం ఉంది. టాబ్‌లో పైన ఉండే లయ గుర్తులు తర్వాతి స్వరం ఎప్పుడు వస్తుందో చెబుతాయి గానీ, మీటిన స్వరం ఎంతసేపు నిలవాలో చెప్పవు. ఏ స్వరం పై గొంతుది, ఏది మధ్య గొంతుది అన్నది మీరే విని తేల్చుకోవాలి. స్టాఫ్‌లోకి (అయిదు గీతల మామూలు నొటేషన్‌లోకి) మార్చి ఇచ్చేవాళ్లు ఆ నిర్ణయం మీ తరఫున ముందే చేసేస్తారు. ఒక రకంగా ఇది నాకు మా అత్తయ్య నోటుపుస్తకాన్ని గుర్తు చేసింది. అందులో స్వరాలే ఉండేవి, గమకం ఆవిడ చేతిలో ఉండేది. ల్యూట్‌లోనూ అక్షరం పక్కన చిన్న కామా పెట్టి వదిలేస్తారు. అది పై స్వరం మీంచి జారడమా, ట్రిల్లా అన్నది సందర్భాన్ని బట్టి.

వాయించడంలో గిటార్ వాళ్లకు నిజంగా కష్టం కుడిచేతి బొటనవేలు. చిటికెనవేలు బ్రిడ్జి దగ్గర చెక్కకు ఆనించి, చూడకుండా బొటనవేలితో ఏడు నుంచి పదమూడు దాకా ఏ కోర్సైనా పట్టుకోవాలి. 1722లో పెటి అనే ఫ్రెంచ్ వయొలిన్ వాద్యకారుడు వైస్ బొటనవేలు కొరికేయబోయాడట. ఆ కథ మొదట విని నవ్వాను. ఇప్పుడు నవ్వు రాదు.

బేస్ తీగలు ఆగకుండా మోగడం ఇంకో తలనొప్పి. అప్పటి పేగు తీగలు త్వరగా సద్దుమణిగేవి, ఇప్పటి లోహం చుట్టిన తీగలు మోగుతూనే ఉంటాయి. నాలుగు బేస్ స్వరాలయ్యేసరికి బురద. దీనికి చిట్కా ఒకటి. బొటనవేలు మీటాక గాలిలోకి లేపకుండా పక్క కోర్సు మీద వాలనివ్వండి. బేస్ కిందికి దిగుతున్నప్పుడు, అంటే 8 తర్వాత 9 మీటితే, వేలు తిరిగి 8 మీదే వాలి దాన్ని ఆపేస్తుంది. పైకి ఎక్కుతున్నప్పుడు ఆ సాయం ఉండదు, వెనక్కి వెళ్లి కావాలని ఆపాలి. నేను రోజూ పది నిమిషాలు కళ్లు మూసుకుని ఇదొక్కటే చేసేవాణ్ణి. ఇంట్లోవాళ్లకు విసుగు పుట్టింది గానీ చెయ్యి కుదిరింది. గోళ్ల గురించి ఒక్క మాట: తీసేయండి. జత తీగల మీద గోరు రెండుసార్లు టిక్‌మంటుంది.

శ్రుతి చేసే తంటా గురించి మీరు వినే ఉంటారు. ఎనభై ఏళ్ల ల్యూట్ వాద్యకారుడు అరవై ఏళ్లు శ్రుతి చేయడంలోనే గడిపి ఉంటాడని మాటెసన్ అనే జర్మన్ సంగీత రచయిత 1713లోనే వెక్కిరించాడు. తీగలు ఎక్కువని మాత్రమే కాదు, స్థాయి (కీ) మారితే బేస్‌లూ మారాలి. జి మైనర్‌కు ఇ, బి తీగలను అర స్వరం దించాలి, ఏ మేజర్‌కు ఎఫ్, సి, జి తీగలను పెంచాలి. అందుకే ఒక వారమంతా ఒకే స్థాయిలో వాయించుకోండి. పిచ్ 415 (ఏ స్వరం 440 బదులు 415 హెర్ట్జ్) పెట్టుకోండి. అప్పుడు పై ఎఫ్ తీగ సరిగ్గా మీ గిటార్ మొదటి ఇ తీగ స్థాయిలో ఉంటుంది. కాకపోతే ల్యూట్ తీగ పొడవు 70 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది కాబట్టి అది తెగే అంచులోనే ఉంటుంది. అదనపు తీగలు దగ్గర పెట్టుకోండి.

బాఖ్‌తో మొదలుపెట్టకండి. అందరూ బీడబ్ల్యూవీ (బాఖ్ రచనల పట్టిక) 995 అనే అంటారు. అది అయిదో చెల్లో సూట్‌కే ఆయన చేసిన మార్పు, స్వదస్తూరీ ప్రతి బ్రసెల్స్‌లో ఉంది. కానీ రాసింది టాబ్‌లో కాదు, స్టాఫ్‌లో. పైగా అందులో పదమూడు కోర్సుల ల్యూట్‌లో లేనే లేని అడుగు జి కావాలి. చేతికింద ఒదిగే సంగీతం కావాలంటే ల్యూట్ వాళ్లు ల్యూట్ కోసం రాసిందే. నేను మొదట నేర్చింది వైస్ సి మైనర్ ఫాంటసీ. లండన్ ప్రతిలో దాని మీద ప్రాగ్, 1719 అని ఉంటుంది. మొదటి సగం విరిచిన కార్డులే, చేతికి భయం పోతుంది.

వాద్యం వెంటనే కొనకండి. ఇంగ్లండ్, అమెరికా ల్యూట్ సొసైటీలు సభ్యులకు అద్దెకిస్తాయి, నాదీ అలా వచ్చిందే. మీరు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి అది ఇప్పట్లో కుదరకపోవచ్చు. అందాకా ఆ పాసకాల్యానే గిటార్ మీద ఆరో తీగ డికి దించి పట్టండి. అసలు డి మేజర్‌లోనే ఉంది కాబట్టి స్థాయి మార్చక్కర్లేదు. అయితే ల్యూట్‌లో ఏకధారగా కిందికి దిగే బేస్, గిటార్‌లో మధ్యలో ఒక ఆక్టేవ్ పైకి గెంతుతుంది. గెంతిన చోటల్లా పెన్సిల్‌తో ఒక గుర్తు పెట్టుకోండి, రేపు ల్యూట్ చేతికొచ్చాక ముందు వాయించాల్సింది ఆ చోట్లే.