వెంబ్లీకి వెళ్లే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

లండన్‌లో వెంబ్లీ ఫుట్‌బాల్ స్టేడియం చూడాలని ఉన్నట్లు రాశావు. నా మాట వింటే, మ్యాచ్‌కు ముందే మరొక రోజున గైడు దగ్గరుండి చూపించే టూర్‌కు వెళ్లు. మ్యాచ్ నాడు జనం కనిపిస్తారే తప్ప కట్టడం కనిపించదు.

ఇప్పుడున్నది 2007లో తెరిచినది. 1923 నాటి పాత స్టేడియాన్ని దాని జంట బురుజులతో సహా కూల్చి, అదే చోట దీనిని నిర్మించారు. నాకు ఆ బురుజులే ఇష్టం, అది వేరే సంగతి. 133 మీటర్ల ఎత్తున్న ఉక్కు తోరణాన్ని చూసి అలంకారమనుకోకు. పైకప్పు బరువులో అధికభాగాన్ని అదే మోస్తున్నందున 90,000 సీట్లలో దేనికీ స్తంభం అడ్డురాదు.

లోపల ప్రదర్శనకు ఉంచిన 1966 నాటి క్రాస్‌బార్ (గోల్‌పోస్టుల మీది అడ్డకమ్మీ) దగ్గర తొందరపడకు. పశ్చిమ జర్మనీతో జరిగిన ప్రపంచకప్ ఫైనల్ అదనపు సమయంలో ఇంగ్లండ్ ఆటగాడు జెఫ్ హర్‌స్ట్ కొట్టిన బంతి దానికి తగిలి కిందపడగా, అది గోల్ గీత దాటిందా లేదా అన్న తగవు నేటికీ తెగలేదు. గోల్ ఇచ్చారు, ఇంగ్లండ్ 4–2తో గెలిచింది. కప్పు అందుకోవడానికి 39 మెట్లెక్కిన కెప్టెన్ బాబీ మూర్, రాణి తెల్లని చేతితొడుగులు చూసి, తన మట్టిచేతులు తుడుచుకున్నాకే చేయి అందించాడు. ఇప్పుడు మెట్లు 107. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తే ఆగి మైదానం చూడు. బయట మూర్ విగ్రహమూ ఉంది.

ఇక మ్యాచ్ రోజు సంగతి. 1923 ఏప్రిల్ 28న ఇక్కడ జరిగిన తొలి ఎఫ్.ఎ. కప్ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బుల పోటీ) ఫైనల్‌కు పట్టనంత జనం వచ్చి మైదానంలోకే పొంగిపోతే, పోలీసులు వారిని గీతల అవతలికి నెట్టాకగాని ఆట మొదలు కాలేదు. ఆ పోలీసుల గుర్రాలలో బిల్లీ అనేది ఫొటోలలో తెల్లగా కనబడి పేరు తెచ్చుకుంది. వెంబ్లీ స్టేడియం స్టేషను పక్కనున్న వైట్ హార్స్ (తెల్ల గుర్రం) వంతెనకు ఆ పేరు దానివల్లనే వచ్చింది. ఆ తరువాతే ఫైనల్‌కు ముందుగా టికెట్ కొన్నవారినే రానిచ్చే పద్ధతి వచ్చింది. కనుక టికెట్ ముందే కొను, గేటు దగ్గర బేరమాడేవారిని నమ్మకు. ఆట ముగిశాక వెంబ్లీ పార్క్ స్టేషనుకు పరుగెత్తితే దారిలో పోలీసులు ఆపి ఆపి వదులుతారు. అరగంట నీ సీటులోనే కూర్చుని, జనం పలచబడ్డాక బయలుదేరు.

మామయ్య