పారిస్ ప్రయాణం కట్టిన మా అబ్బాయికి

చిరంజీవి నాన్నకు పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

సెప్టెంబరులో అమ్మను పారిస్ తీసుకెళ్తున్నావని తెలిసినప్పటి నుంచి సంతోషమూ గుబులూ రెండూ నన్ను నిద్రపోనివ్వడం లేదు. మన ఇంట్లో సొంత సంపాదనతో తల్లిని సముద్రాలు దాటిస్తున్న మొదటి కొడుకువి నువ్వే. అయితే నువ్వు పంపిన పట్టిక చూసి మాత్రం కోపం వచ్చింది. ఒకే రోజు లూవ్ర్, ఓర్సే మ్యూజియంలు, ఈఫిల్ టవర్ అని రాసుకున్నావే, పక్కన నడిచేది మోకాళ్ళ నొప్పులున్న అరవై నాలుగేళ్ళ మనిషి అన్న సంగతి నీకు గుర్తుందా?

చిన్న సంగతులు ముందు చెబుతాను. లూవ్ర్‌కు మంగళవారం సెలవు, ఓర్సేకు సోమవారం సెలవు. టికెట్లు సమయంతో సహా ముందే కొనుక్కో. 2019లో కాలిపోయిన నోట్రడామ్ చర్చిని బాగుచేసి 2024 డిసెంబరులో మళ్ళీ తెరిచారు, లోపలికి వెళ్ళడానికి టికెట్ అక్కర్లేదు. చాలా మెట్రో స్టేషన్లలో లిఫ్టు ఉండదు కాబట్టి అమ్మను బస్సులోనే తిప్పు. సంతకం పెట్టమంటూ కాగితాలతో దగ్గరికొచ్చే వాళ్ళతో మాట కలపకు, వాళ్ళ కళ్ళన్నీ నీ జేబు మీదే ఉంటాయి.

ఇక అసలు సంగతికి వస్తాను. 2009లో నేనూ మీ పెదనాన్నా పారిస్ వెళ్ళాం. ఆయన వాళ్ళ అమ్మమ్మగారిది కృష్ణ ఒడ్డున కొల్లూరు. ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉన్న ఊరు అదే. చిన్నప్పుడు సెలవులకు అక్కడికి వెళ్ళి, ఏట్లో దొరికిన గులకరాళ్ళన్నీ వజ్రాలేనని జేబుల నిండా నింపుకొచ్చేవారట. పెద్దయ్యాక సోషల్ మాస్టారై ముప్పై ఏళ్ళ పాటు ప్రతి క్లాసుకూ రీజెంట్ వజ్రం కథ చెప్పారు. కొల్లూరు గనిలో దొరికిందని చెప్పే ఆ రాయి మద్రాసు గవర్నరు థామస్ పిట్ చేతికి వెళ్ళడం, 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి దాన్ని కొనడం, రాజుల కిరీటాలెక్కి, నెపోలియన్ కత్తి పిడిలో కూర్చుని, చివరికి 1887లో లూవ్ర్‌కు చేరడం, ఇవన్నీ ఆయనకు కంఠతా వచ్చు. సానబట్టాక నూట నలభై క్యారెట్లు తూగిన ఆ రాయిని ఒక్కసారి కళ్ళారా చూడాలన్నదే ఆ ప్రయాణంలో ఆయన కోరిన ఒకే ఒక్క కోరిక.

ఆ రోజు పొద్దున లూవ్ర్‌లో అడుగుపెట్టగానే, "ముందు మన కొల్లూరు రాయి చూద్దాం" అన్నారు. నా చేతిలో నోటుబుక్కు, అందులో చూడాల్సిన వాటి జాబితా. "అది ఎక్కడికి పోతుంది, చివర చూద్దాం పదండి" అని మోనాలిసా ముందు గంట, హమ్మురాబి శాసనస్తంభం దగ్గర కాసేపు, ఇంకా పేర్లు కూడా గుర్తులేని బొమ్మల ముందు మరికొంతసేపు ఆయన్ను లాక్కుంటూ తిరిగాను. భోజనం సంగతి ఎత్తితే క్యూ పెద్దదన్నాను. ఆయన షుగరు మనిషి. సాయంత్రం ఐదు దాటాక, రెక్కల విజయదేవత శిల్పం నిలబడి ఉండే ఆ పెద్ద మెట్ల మీద ఉన్నట్టుండి చెమటలు పట్టి, చేతులు వణికి, కూలబడ్డారు. లోపలికి రానివ్వరేమోనని నేను బిస్కెట్లు హోటల్లోనే వదిలేసి వచ్చాను. ఎవరో ముసలావిడ, మన భాష రాని మనిషి, తన సంచిలోంచి రెండు చక్కెర పొట్లాలు తీసి ఆయన నోట్లో పోసింది. ఆవిడ పేరైనా అడగలేదు నేను. ఆయన తేరుకునేసరికి మూసే వేళయిందని సిబ్బంది అందరినీ బయటికి పంపుతున్నారు. మర్నాడు తెల్లవారే మా విమానం.

"పోనీలే, పిల్లలకు చెప్పుకోవడానికి ఒక కథ మిగిలింది" అన్నారే తప్ప ఒక్క మాట కూడా నన్ను అనలేదు. 2014లో ఆయన పోయాక, ఆయన పుస్తకాలు సర్దుతుంటే లూవ్ర్‌లో ఇచ్చిన పటం దొరికింది. విప్పి చూశాను. ఆ వజ్రం ఉన్న అపోలో గ్యాలరీకి దారి, ఆయన కూలబడిన మెట్ల పైనే, ఆ విగ్రహం పక్క నుంచే ఉంది.

కాబట్టి నాన్నా, అమ్మ ఏం చూడాలనుకుంటుందో అదే ముందు చూపించు. అడిగితే "నీ ఇష్టంరా" అంటుంది, ఆ మాట నమ్మకు. మా చెల్లి, అదే మీ అమ్మ, చిన్నప్పుడు ఒక కేలండరులోంచి కత్తిరించిన ఫ్రెంచి చిత్రకారుడు మొనే కలువల బొమ్మను ట్రంకుపెట్టె మూతకు లోపల అంటించుకుని, పెళ్ళై వెళ్ళేటప్పుడు కూడా ఆ పెట్టెనే పట్టుకెళ్ళింది. ఆ కలువలు ఒరాంజరీ మ్యూజియంలో ఉన్నాయి. రెండు కోడిగుడ్డు ఆకారపు గదుల్లో గోడల పొడవునా ఎనిమిది పెద్ద చిత్రాలు, మధ్యలో కూర్చోవడానికి బల్లలు. మొనేకు కూడా కళ్ళకు శుక్లాలు వచ్చి 1923లో ఆపరేషన్ చేయించుకున్నాడని అమ్మకు చెప్పు, తనకు పోయినేడే కదా అయింది. తొందరపెట్టకుండా తను లేచేదాకా కూర్చోనివ్వు. ఆ మ్యూజియానికీ మంగళవారమే సెలవు.

లూవ్ర్‌లో చక్రాల కుర్చీ ఉచితంగా ఇస్తారు, అమ్మ మొహమాటపడినా తీసుకో. 2025 అక్టోబరులో దొంగలు పట్టపగలు కిటికీ కోసి ఆ అపోలో గ్యాలరీలోనే దూరి రాజాభరణాలు ఎత్తుకెళ్ళారు, మన రాయిని మాత్రం ముట్టుకోలేదు. గది తెరిచి ఉందో లేదో, రాయిని చూడనిస్తున్నారో లేదో బయలుదేరే ముందే కనుక్కో. చూడనిస్తే పొద్దున్నే వెళ్ళు, పెదనాన్న పేరు తలుచుకుని నా బదులు ఒక్క నిమిషం నిలబడు.

నువ్వుల ఉండలు చేసి అమ్మ చేతికి పంపుతున్నాను. అవి హోటలు గదిలో కాదు, నీ భుజం సంచిలో ఉండాలి.

ఇట్లు,
మీ పెద్దమ్మ