లేబిల్ చదవనిదే చుక్క పెట్టకు

చి. సుమతికి ఆశీస్సులు.

కాట్లేయా లాబియాటా అనే ఆర్కిడ్‌కు హెర్బేరియాల్లో, అంటే ఎండబెట్టిన మొక్కలను దాచే భాండాగారాల్లో, ఉన్న రికార్డులన్నీ పోగుచేసి, ఆ ఆర్కిడ్ బ్రెజిల్‌లో ఎక్కడెక్కడ పెరిగిందో పటం గీయడానికి నీవు లండన్‌లోని క్యూ వృక్షోద్యానానికి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు సంతోషంతో పాటు దిగులూ పట్టుకుంది. ఎండిన మొక్కను అతికించిన షీటును బోర్లించకూడదనీ, పెన్సిలుతోనే రాసుకోవాలనీ నీకు చెప్పనక్కరలేదు.

చెప్పవలసింది స్థలం గురించే. 1818లో ప్రకృతి శాస్త్రజ్ఞుడు స్వైన్‌సన్ బ్రెజిల్ నుంచి పంపిన ఈ మొక్క ఇంగ్లండులో మొక్కల సేకరణాభిమాని విలియం కాట్లీ దగ్గర పూసింది. 1821లో వృక్షశాస్త్రజ్ఞుడు లిండ్లీ దానికి ఈ పేరు పెట్టాడు. అది ఏ అడవిలోదో మాత్రం తరువాతివారికి తేలలేదు. 1836లో గార్డ్‌నర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు రియో దగ్గరి గావియా కొండ మీద ఒక ఆర్కిడ్‌ను చూసి ఇదే అదని పొరబడ్డాడు. అది నిజానికి లోబాటా అనే వేరే జాతి. పెద్ద పేరున్నవాడు రాశాడు కదా అని నమ్మి ఎందరో రియో చుట్టుపక్కల వెదికి వెదికి వేసారిపోయారు. అసలు మొక్క అక్కడికి దాదాపు రెండు వేల కిలోమీటర్ల దూరాన, ఈశాన్య బ్రెజిల్‌లోని పెర్నంబుకో వైపు చెట్ల మీద ఉంది. 1890 ప్రాంతం దాకా అది మళ్లీ దొరకనే లేదు. మన తూర్పు కనుమల షీట్ల మీద ‘కొండల్లో’ అన్న ఒక్క మాటే చూసి నేను ఎంత బాధపడేవాడినో నీకు గుర్తుండే ఉంటుంది.

కాబట్టి డేటాబేస్‌లో రియో దగ్గర చుక్క కనిపిస్తే దానిని అలాగే ఎత్తి రాసుకోకు తల్లీ, నీకున్న తొందర నాకు తెలుసు. షీటు తెప్పించుకో. ఎండిన పువ్వు గోధుమ రంగుకు తిరిగి, పెదవి రేక మీది ఊదా మరక పోయి ఉంటుంది. క్యూరేటర్ అనుమతిస్తేనే ఒక పువ్వును వేడినీటిలో మెత్తబరచి ఆ రేక ఆకారం చూడు. లేబిల్ మీద ‘హార్ట్.’ అని ఉంటే అది తోటలోనో, గాజుగదిలోనో పూసినది, అడవి రికార్డు కాదు. ఒకే సేకర్త, ఒకే సంఖ్య ఉన్న షీట్లు మూడు హెర్బేరియాల్లో కనిపించినా అది ఒక్క రికార్డే.

వియన్నాకు కూడా వెళ్లు. 1889లో చనిపోయిన ఆర్కిడ్ శాస్త్రజ్ఞుడు రైషెన్‌బాఖ్ తన ఆర్కిడ్ షీట్లను పాతికేళ్ల పాటు ఎవరికీ చూపవద్దని వీలునామా రాసి అక్కడి మ్యూజియానికి ఇచ్చాడు. అన్నేళ్లు తక్కినవారు వాటిని చూడకుండానే కొత్త పేర్లు పెట్టవలసి వచ్చింది. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

అయినా ఒక్కటి మాత్రం నీవూ దాచాలి. ఇటీవలి షీట్ల మీది కచ్చితమైన అక్షాంశ రేఖాంశాలు నీ వ్యాసంలో అచ్చయితే, ఆ చెట్ల కిందికి మొదట వచ్చేది మొక్కలు పీకి అమ్ముకునేవారే. అది నా పెద్ద భయం. మునిసిపాలిటీ పేరు దగ్గర ఆగిపో. వ్యాసం పంపే ముందు ఆ పట్టిక నాకొకసారి చూపించు.

మీ పెదనాన్న