బొద్దింకకు మీసాలా, కొమ్ములా?

సందేహం: మా అమ్మాయి ఏడో తరగతి. పరీక్షలో 'బొద్దింకకు రెండు పొడవాటి మీసాలుంటాయి' అని రాస్తే, కొట్టేసి 'స్పర్శశృంగాలు' అని దిద్దారు. శృంగమంటే కొమ్మే కదా! మరి కొబ్బరికి పట్టే కొమ్ము పురుగుకు ఉన్నదేమిటి? రెండింటినీ ఉపాంగాలు అనొచ్చా?

సమాధానం: ముందు కొమ్ము సంగతి చూద్దాం. తెలుగులో కొమ్ము ఆవుకో గేదెకో మాత్రమే ఉండక్కర్లేదు, పొడుచుకొచ్చిందల్లా కొమ్మే. పసుపు కొమ్ము, శొంఠి కొమ్ము, కొమ్ముచెంబు అంటున్నాం. 'క'కు కొమ్మిస్తే 'కు' అని పలక మీద దిద్దుకున్నాం. తమిళంలో 'కొంబు' అంటే జంతువు కొమ్మూ, చెట్టు కొమ్మా కూడా. కాబట్టి ఆ నల్లటి పెంకుపురుగు నెత్తిన వెనక్కి వంగి ఉన్నదాన్ని రైతులు కొమ్మనడం సలక్షణమైన తెలుగు. లోపల ఎముక లేదే అని శంకించనక్కర్లేదు. తల పెంకే పెరిగి మొన తేలింది. దానికి కీలు ఉండదు, తల కదిలితేనే అదీ కదులుతుంది.

బొద్దింకవి అలా కాదు. గోడ మీద ఆగిన బొద్దింకను కాసేపు చూడండి. ఒళ్లు కదల్చకుండా ఆ రెండు తీగల్నీ ఒకదాన్ని ముందుకు, ఒకదాన్ని పక్కకు ఆడిస్తుంటుంది. భూతద్దం పెడితే పూసలు గుచ్చినట్టు సన్నని కణుపులు కనిపిస్తాయి. తడిమేదీ వాసన పట్టేదీ వాటితోనే. అంటే 'స్పర్శ' అన్నమాట సగం పనే చెబుతోంది.

ఇక 'శృంగం' వెనక ఓ ముచ్చట ఉంది. అరిస్టాటిల్ వీటిని 'కెరాయియా' అన్నాడు. గ్రీకులో కొమ్ముకున్న మాటలోంచి పుట్టిందది. తెరచాప కట్టే అడ్డవాసాన్నీ, అక్షరంలోని చిన్న గీతనూ కూడా అలాగే పిలిచేవారు, అచ్చం మన గుణింతపు కొమ్ములాగే! 15వ శతాబ్దంలో లాటిన్‌లోకి అనువదించిన థియొడోర్ గాజా తెరచాప వాసం అర్థం పట్టుకుని 'ఆంటెన్నా' చేశాడు. మన పుస్తకాల్లో అది మళ్లీ కొమ్మయి కూర్చుంది.

కీళ్లుండి, కాళ్ల కోవలోకి వచ్చేవాటికి వాడే మాట ఉపాంగం. బొద్దింక మీసం ఆ కోవదే. పండ్ల ఈగల్లో, రొమ్ము భాగంలో పనిచేయాల్సిన ఆంటెన్నపీడియా అనే జన్యువు దారి తప్పి తలలో పనిచేస్తే, మీసాలుండాల్సిన చోట కాళ్లు మొలుస్తాయి. రెండూ ఒక మూసలోవని అంతకంటే వేరే చెప్పాలా?

కొమ్ము ఆ లెక్కన ఉపాంగం కాదు. అలాగని దానికి వంశం లేకపోలేదు. కొన్ని పేడపురుగులకు రొమ్ములో మొదటి ఖండం మీద కొమ్ములుంటాయి. ఇప్పటి కీటకాలకు ఆ ఖండం మీద రెక్కలు రావు. రెక్కను తీర్చే జన్యువుల అమరికే అక్కడ కొమ్ముకు అక్కరకొచ్చిందని 2019లో ఇండియానా విశ్వవిద్యాలయంలోని మోచెక్ బృందం చూపింది. మీసం కాలికి చుట్టమైతే, ఈ కొమ్ము రెక్కకు చుట్టమన్నమాట. కొబ్బరి పురుగుది తల మీది కొమ్ము, దానికి ఈ చుట్టరికం అంటగట్టకండి.

పరీక్షలో 'స్పర్శశృంగాలు' రాయమనండి, మార్కులు పోవు. 'మీసాలు' మాత్రం తప్పు కాదు. మీసమున్నవాడల్లా మొనగాడైతే రొయ్యకు లేవా మీసాలు అన్నవాళ్లం, బొద్దింక దగ్గర వెనకాడటమెందుకు?

మీరడగలేదు గానీ, బియ్యంలో ముక్కు పురుగుదీ ఇదే తంతు. అక్కడ ముక్కంటే పక్షి ముక్కు లాంటిది. చేటలో దొరికిన ఒకదాన్ని భూతద్దం కింద పెట్టండి. ఆ ముక్కు కొసన ఉన్నది నోరు. ముక్కుకు చెరోపక్కా మోచేయిలా మడత పడిన మీసాలుంటాయి. వాసన చూసేది వాటితోనే.