టెక్ సందేహాలు: కాలిక్యులేటర్‌కు మీ ఓటీపీలతో ఏం పని?

ప్ర: మా నాన్నగారు ఎస్సారెస్పీ కాకతీయ కాలువ సర్వేలో పనిచేశారు. బంధువు అమెరికా నుంచి తెచ్చిచ్చిన టీఐ-59 (టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్) ప్రోగ్రామబుల్ కాలిక్యులేటర్ ఆయన బీరువాలో దొరికింది. చార్జర్, మాగ్నెటిక్ కార్డులు కూడా ఉన్నాయి. చార్జింగ్ పెట్టొచ్చా? అలాంటిదే ఫోన్లో వాడుకుందామని, వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఏపీకే (యాప్ ఫైలు) వేస్తే ఎస్సెమ్మెస్ పర్మిషన్ అడుగుతోంది. ఇవ్వమంటారా? (హన్మకొండ నుంచి)

జ: రెండింటికీ వద్దనే జవాబు. ముందు చార్జర్ సంగతి. దాని మీద 115 అనో 120 వోల్టులనో రాసి ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టగానే పొగ వస్తుంది. మన కరెంటుకు సరిపోయేదే అయినా, చచ్చిపోయిన బ్యాటరీ ప్యాక్‌తోనో, అసలు ప్యాక్ లేకుండానో పెట్టకండి, లోపలి చిప్‌లు పోయే ప్రమాదం ఉంది. ప్యాక్‌లో ఉండేవి మూడు నికెల్-కాడ్మియం సెల్స్. ఇన్నేళ్లకు అవి కారకుండా ఉండవు. చేతికి గ్లవుజులు వేసుకుని ప్యాక్ బయటికి తీయండి. కాంటాక్టుల మీద తెల్లపొడి పేరుకుంటే దూదిపుల్లతో కొంచెం వెనిగర్ అద్ది తుడవండి, తర్వాత స్పిరిట్‌తో. టంకం పని బాగా తెలిసిన రిపేర్ షాపతనితో, పాత ప్యాక్ పెట్టెలోనే మూడు కొత్త రీచార్జబుల్ సెల్స్ వేయించుకోండి. పాతవాటిని మాత్రం చెత్తబుట్టలో వేయొద్దు, కాడ్మియం విషం. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి.

ఎర్ర అంకెలు వెలిగాయా? అయితే సెకండ్, పీజీఎం, 01, ఎస్‌బీఆర్, ఈక్వల్ వరసగా నొక్కండి. వెనక చిన్న మూత కింద మాస్టర్ లైబ్రరీ మాడ్యూల్ ఉంటే, మిషన్ తనను తాను పరీక్షించుకుని 1 చూపిస్తుంది. ఆ మాడ్యూల్‌లో 25 రెడీమేడ్ ప్రోగ్రాములున్నాయి. ఇది 1977 నాటి సరుకు. ఆన్ చేయగానే 480 స్టెప్పులు (ప్రోగ్రాంలోని ఆదేశాలు), 60 మెమరీలు (అంకెలు దాచుకునే గదులు) ఇస్తుంది. మెమరీలు అసలు వద్దంటే 960 స్టెప్పులు, పూర్తిగా 100 మెమరీలు కావాలంటే 160 స్టెప్పులే. ఉన్న చోటును ఎలా పంచుకోవాలో వాడేవాడి ఇష్టం. మీ నాన్నగారి ట్రావర్స్ (గీత తర్వాత గీతగా దూరం, దిశ కొలిచే సర్వే) లెక్కలకు సరిగ్గా సరిపోయిన మిషన్. దూరం కొట్టి ఎక్స్-టీ మీట, తర్వాత బేరింగ్ (ఉత్తరం నుంచి కోణం) కొట్టి సెకండ్, పీ-ఆర్ నొక్కితే డిపార్చర్ (తూర్పు-పడమర దూరం), మళ్లీ ఎక్స్-టీ నొక్కితే లాటిట్యూడ్ (ఉత్తర-దక్షిణ దూరం). ఆఫ్ చేస్తే ప్రోగ్రాం పోతుంది, అందుకే ఆ కార్డులు. వాటిని తొందరపడి దూర్చకండి. కార్డును లాగే రబ్బరు రోలర్ ఈపాటికి జిగురైపోయి ఉంటుంది, కార్డుకు అంటుకుని ఆయన రాసుకున్న ప్రోగ్రాంనే పాడుచేస్తుంది. ముందు రోలర్ మార్పించండి. అయస్కాంతం ఉన్న ఫోన్ కవర్ల దగ్గర కార్డులు పెట్టకండి.

ఇక ఏపీకే. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే. కూడికలు చేసే యాప్‌కు మీ మెసేజ్‌లు దేనికి? ఎస్సెమ్మెస్ చదవనిచ్చారంటే బ్యాంకు ఓటీపీ మీకంటే ముందు అవతలివాడికి చేరుతుంది. యాక్సెసిబిలిటీ కూడా ఇచ్చారంటే తెర మీద మీరు చూసేదంతా వాడూ చూస్తాడు, మీ బదులు వాడే నొక్కుతాడు. ఇప్పటికే ‘అలౌ’ కొట్టి ఉంటే నెట్ ఆపండి. సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్, యాక్సెసిబిలిటీ రెండిట్లోంచీ దాన్ని తీసేసి, ఆ తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకు పాస్‌వర్డులు మార్చండి. డబ్బు పోయిందనిపిస్తే క్షణం ఆలోచించకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. “గ్రూపులో మావాళ్లే పంపారు సార్” అని ప్రతివారం ఎవరో ఒకరు రాస్తున్నారు. మీవాళ్లకు ఎవరు పంపారు? పాత ప్రోగ్రామబుల్ కాలిక్యులేటర్లంటే మోజుంటే ప్లేస్టోర్‌లో ఫ్రీ42 అనేది ఉంది. సోర్స్ కోడ్ అందరికీ తెరిచి పెట్టింది. కాకపోతే అది హెచ్‌పీ-42ఎస్ అనే వేరే కంపెనీ కాలిక్యులేటర్ పద్ధతిలో నడుస్తుంది, టీఐ మీటల వరస అందులో దొరకదు.

అసలు కాలిక్యులేటర్ యాప్‌లో ప్రకటనలేమిటి? ఏడును ఎనిమిదితో గుణిద్దామంటే ముందు రమ్మీ ఆడమంటుంది. అప్‌డేట్ వచ్చిందంటే మీటల చోటు మారుతుంది, ఉన్న సౌకర్యం ఒకటి ‘ప్రో’లోకి పోతుంది. లెక్క చేయడానికి లాగిన్ అవ్వాలని అడిగేవీ ఉన్నాయి. ఎవరి కోసం తయారుచేస్తున్నారో ఇవన్నీ!

ప్ర: ఫోన్లో సైన్ 30 కొడితే మైనస్ 0.988 వస్తోంది. ఫోన్ పాడైందా? (కరీంనగర్, పాలిటెక్నిక్ విద్యార్థి)

జ: ఫోన్ బాగానే ఉంది, కోణాన్ని డిగ్రీల్లో కాక రేడియన్లలో తీసుకుంటోంది. డీఈజీకి (డిగ్రీలు) మార్చండి, 0.5 వస్తుంది. 0.454 వస్తే అది గ్రాడ్ (లంబకోణాన్ని 100 భాగాలు చేసే కొలత) మోడ్. పైన చెప్పిన టీఐ-59 ఆన్ చేయగానే డిగ్రీల్లోనే ఉండేది. మీ యాప్‌లో ఆ మీట మూడు చుక్కల మెనూ లోపల దాచి ఉంటే, వేరే యాప్ చూసుకోండి.